మంచమంత పింగాణీ బొమ్మ: మూడే ప్రతులు ఎందుకు?

ఇంట్లో షోకేసులో పెట్టుకునే పింగాణీ బొమ్మ సాధారణంగా జానెడు ఉంటుంది. అదే బొమ్మ మంచమంత పొడవుంటే? అమెరికన్ కళాకారుడు జెఫ్ కూన్స్ 1988లో ‘మైకేల్ జాక్సన్ అండ్ బబుల్స్’ పేరుతో అలాంటి శిల్పాన్నే రూపొందించారు. పూలు పరిచిన పీఠంపై గాయకుడు మైకేల్ జాక్సన్ ఒరిగి కూర్చుని, పెంపుడు చింపాంజీ బబుల్స్‌ను దగ్గరికి తీసుకున్న దృశ్యమిది. దీని పొడవు సుమారు 179 సెంటీమీటర్లు, ఎత్తు 107 సెంటీమీటర్లు. తెలుపు, బంగారు రంగులే ఇందులో ప్రధానం.

ఇది ‘బనాలిటీ’ అనే వరుసలోని శిల్పం. చవకబారు అలంకరణగా విమర్శకులు తీసిపారేసే షోకేసు బొమ్మల శైలిని ‘కిచ్’ అంటారు. కూన్స్ ఆ శైలినే తీసుకుని, పరిమాణం పెంచి, నిపుణులైన పనివారితో చేయించి మ్యూజియంలో నిలబెట్టారు. ఏది గొప్ప కళ, ఏది కాదు అని నిర్ణయించేదెవరన్నది ఈ శిల్పం అడిగే ప్రశ్న.

పరిమాణం పెంచడమే అసలు కష్టం. పింగాణీలో చైనా మట్టి, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ ఉంటాయి. బట్టీలో వేడి పెరిగేకొద్దీ మట్టి స్ఫటికాల్లో బంధించి ఉన్న నీరు పోతుంది. 1,200 డిగ్రీల సెల్సియస్ దాటాక ఫెల్డ్‌స్పార్ కరిగి గాజులా మారి, రేణువుల మధ్య ఖాళీలను నింపుతుంది. పింగాణీకి గట్టిదనం, నీరు పీల్చని గుణం వచ్చేది ఇక్కడే. ఖాళీలు పూడిన కొద్దీ బొమ్మ కుంచించుకుపోతుంది. పన్నెండు శాతం కుంచించుకునే మట్టి అయితే, 100 సెంటీమీటర్ల బొమ్మ 88 సెంటీమీటర్లకు దిగుతుంది. అన్ని వైపులా సమానంగా కుంచించుకోకపోతే పగుళ్లు తప్పవు. పైగా ఆ వేడిలో మట్టి మెత్తబడుతుంది. చాచిన చేయి ఆధారం లేకపోతే వాలిపోతుంది.

ఈ ఇబ్బంది కొత్తది కాదు. 1730లలో జర్మనీలోని మైసెన్ కర్మాగారం శాక్సనీ పాలకుడి కోసం భారీ జంతువుల బొమ్మలు చేసింది. బట్టీలో వాటికి పడిన పగుళ్లను నేటికీ మ్యూజియాల్లో చూడవచ్చు.

కూన్స్ శిల్పానికి మూడు ప్రతులు, వాటికి అదనంగా కళాకారుడి ప్రతి ఒకటి ఉన్నాయి. మరి మట్టి ఇంతకుమించి సహకరించదా? సహకరిస్తుంది. పింగాణీ బొమ్మలు పోసే ఒక ప్లాస్టర్ అచ్చు మెల్లగా అరుగుతుంది కానీ, సాధారణంగా పదుల సంఖ్యలో బొమ్మలను ఇస్తుంది. మూడు దగ్గర ఆపింది కళాకారుడి నిర్ణయమే. ఆ అరుదుదనానికీ ధర ఉంటుంది. 2001లో ఒక ప్రతి వేలంలో 56 లక్షల డాలర్లకు పైగా పలికింది.

అందుకే ‘పరిమిత ప్రతులు’ అన్న మాట విన్నప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. చేయడం ఎంత కష్టం? ఎన్ని చేయాలని నిర్ణయించారు? మొదటిదానికి బట్టీ జవాబు చెబుతుంది. రెండోదానికి జవాబు చెప్పేది మనిషే.