గుండు మీద మొలిచే జుట్టు బట్టతల మీద ఎందుకు మొలవదు?

చొప్పదండి చుట్టుపక్కల ఊళ్ళలో చాలా కుటుంబాలు పిల్లల పుట్టువెంట్రుకలు తీయించడానికి వేములవాడ రాజన్న గుడికి పోతాయి. కత్తితో నున్నగా గొరిగిన ఆ తల మీద వారం తిరక్కముందే గరుకుగా మొలకలు చేతికి తగులుతాయి. బట్టతల తాతగారికి మాత్రం అలా మొలవవు. రెండు తలలూ నున్ననివే గదా, ఈ తేడా ఎందుకు?

గరికను చూడండి. పైన ఎంత కోసినా, వేరు ఉన్నంతవరకు మళ్ళీ చిగురిస్తుంది. వెంట్రుక సంగతీ అంతే. చర్మం పైన కనిపించే భాగంలో ప్రాణం లేదు. కత్తి కోసేది దానినే. ప్రాణమున్న కుదురు చర్మం లోపల భద్రంగా ఉంటుంది. అక్కడి కణాలు విభజన చెందుతూ వెంట్రుకను నెలకు సుమారు 1 సెంటీమీటరు చొప్పున పైకి నెడతాయి.

ప్రతి వెంట్రుకా కొన్నేళ్ళు పెరిగి, కొన్ని నెలలు విశ్రమించి, రాలిపోతుంది. రోజుకు 50 నుంచి 100 వరకు రాలడం సహజమే. రాలినచోట కొత్తదాన్ని మొలిపించేవి మూలకణాలు. మూలకణం తనవంటి కణాలను పుట్టించగలదు, వేరే పనిచేసే కణాలుగానూ మారగలదు. ఇవి కుదురు అడుగున కాక, కాస్త పైనున్న చిన్న ఉబ్బులో ఉంటాయని 1990లో అమెరికా శాస్త్రజ్ఞుడు జార్జ్ కొట్సరేలిస్, ఆయన సహచరులు ఎలుకల చర్మంలో కనుగొన్నారు.

మరి బట్టతలలో ఆ కణాలు చచ్చిపోయాయా? లేదు! వంశపారంపర్యంగా వచ్చే బట్టతలలో హార్మోను ప్రభావంవల్ల కుదుళ్ళు కుంచించుకుపోతాయి. 2011లో కొట్సరేలిస్ బృందం అదే మనిషి తలలో జుట్టున్న చోటునూ, లేని చోటునూ పోల్చి చూసింది. మూలకణాలు రెండుచోట్లా దాదాపు సమానమే! వాటినుంచి పుట్టి వెంట్రుకను తయారుచేయవలసిన కణాలు మాత్రం బట్టతలలో బాగా తగ్గిపోయాయి. అంటే విత్తనాలున్నాయి, మొలకెత్తడమే ఆగింది.

వాటిని మేల్కొల్పడం ఎలా? 2012లో జపాను శాస్త్రజ్ఞుడు తకాషి ట్సుజి బృందం ప్రయోగశాలలో కణాలతో కుదుళ్ళను రూపొందించి, జుట్టులేని ఎలుకల చర్మంలో నాటింది. వెంట్రుకలు మొలిచాయి!

అయితే ఎలుకలో ఫలించినదల్లా మనిషిలో ఫలించదు. అదుపు తప్పిన కణాలు కంతులుగా పెరిగే ప్రమాదమూ ఉంది. అందుకే కొన్ని రక్తసంబంధమైన వ్యాధులకు తప్ప, మూలకణాల వాడకం అనుమతి పొందిన పరిశోధనగానే జరగాలని భారత వైద్య పరిశోధన మండలి 2017లో మార్గదర్శకాలిచ్చింది. "మూలకణాలతో బట్టతల మాయం" అన్న ప్రకటనను నమ్మి ఇంట్లో ఎవరైనా డబ్బు కట్టబోతే, ముందుగా ఈ ప్రశ్న అడగండి: "ఇది మనుషుల మీద పరీక్షించి రుజువు చేసినదేనా?"