చైన్ జారుతోందా? బిగించే ముందు కారణం వెతకండి!

బైక్ మీద ఇద్దరు ఎక్కారు. ఫ్లైఓవర్ ఎక్కుతూ యాక్సిలరేటర్ కాస్త గట్టిగా తిప్పగానే కింద నుంచి 'కటకట'మని చప్పుడు. ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం ముందుకు లాగదు. స్ప్రాకెట్ పళ్ల మీంచి చైన్ జారిపోతోందన్నమాట. మీ బండికీ ఇలాగే అవుతోందా? అయితే ఓ ఐదు నిమిషాలు ఇది చదవండి. బండి బాగుపడటమే కాదు, ఇంటర్వ్యూలో చెప్పడానికి ఓ మంచి జవాబు కూడా దొరుకుతుంది.

ఇంటర్వ్యూ రోజే దెబ్బ

నేను మెకానికల్ ఫైనలియర్‌లో ఉండగా నాన్న పాత బండి నా చేతికొచ్చింది. బొల్లారం నుంచి రాజీవ్ రహదారి మీదుగా సికింద్రాబాద్ వైపు రోజూ ప్రయాణం. చైన్ జారుతోందని చెబితే మెకానిక్ బిగించి పంపాడు. వారం బాగానే ఉంది. మళ్లీ మొదలు. ఈసారి ఇంకో షాపులో చైన్ ఒక్కటే కొత్తది వేశారు. 'స్ప్రాకెట్ ఇంకో ఆర్నెల్లు లాగుతుందిలే' అన్నారు. డబ్బులు మిగిలాయి కదా అని నేనూ సరేనన్నాను.

ఓ ఉదయం ఇంటర్వ్యూకి వెళ్తూ బస్సును దాటబోయాను. నడిరోడ్డు మీద చైన్ జారింది, బండి వేగం ఒక్కసారిగా పడిపోయింది. వెనకే లారీ హారన్! ఎలాగో పక్కకు తీశాను. చేతులు వణుకుతూ నలభై నిమిషాలు ఆలస్యంగా చేరితే, గేటు దగ్గరే ఆపేశారు. తప్పు మెకానిక్‌లదే అనుకుంటే సరిపోదు. మెషిన్ డిజైన్ పరీక్షలో చైన్ డ్రైవ్ మీద రెండు పేజీలు రాసిన నేను, ఒక్కసారైనా వంగి ఆ పళ్ల వంక చూడలేదు.

అసలు ఏం జరుగుతుంది?

'చైన్ సాగింది' అంటాం కానీ, నిజానికి ఇనుము రబ్బరులా సాగదు. లింకుల్లోని పిన్నులు, బుష్‌లు అరుగుతాయి. ఒక్కో కీలులో వచ్చే వెంట్రుకవాసి ఖాళీ వంద కీళ్లలో కలిస్తే చైన్ పొడవు పెరుగుతుంది. లింకుల మధ్య దూరం, అంటే పిచ్ మారడంతో రోలర్లు పళ్ల అడుగున కూర్చోకుండా పైకి ఎక్కుతాయి. పళ్లు కొక్కేల్లా వంగి అరుగుతాయి. బరువు పడగానే రోలర్ పన్ను దాటి దూకేస్తుంది.

ఇప్పుడు నా తప్పు అర్థమైందా? అరిగిన పళ్ల మీద కొత్త చైన్ వేస్తే రెండింటి పిచ్ కలవదు. జారడం తగ్గకపోగా పెరిగింది.

మంచుకొండల్లో తిరిగే స్నోమొబైల్‌కూ ఇదే జబ్బు. దాని రబ్బరు ట్రాక్ వదులైనా, ట్రాక్‌ను తిప్పే డ్రైవర్ చక్రాల పళ్లు అరిగినా బరువు పడినప్పుడు ట్రాక్ జారుతుంది. దీన్ని 'ర్యాచెటింగ్' అంటారు. దీనికి బయటి కంపెనీల యాంటీ ర్యాచెట్ డ్రైవర్లు దొరుకుతాయి. అయితే ట్రాక్ పిచ్ 2.52, 2.86, 3 అంగుళాల్లో ఏదైతే డ్రైవర్ పిచ్ కూడా కచ్చితంగా అదే ఉండాలి. బండి ఏదైనా సూత్రం ఒక్కటే.

మీరే చూసుకోవచ్చు

ఇంజిన్ ఆపి, మెయిన్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో పెట్టండి.

* కింది చైన్‌ను మధ్యలో పైకీ కిందికీ కదపండి. చాలా చిన్న బైకుల్లో 20-30 మి.మీ. ఆట ఉండాలి. మీ బండి లెక్క మాన్యువల్‌లో చూడండి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూస్తేనే బిగుతు, వదులు తేడాలు తెలుస్తాయి.
* కవర్ తీయించి వెనక స్ప్రాకెట్ చివరన చైన్‌ను వెనక్కి లాగండి. పన్ను సగం బయటికి కనిపిస్తే అరిగినట్టే.
* 428 రకం చైన్‌లో పిచ్ 12.7 మి.మీ. చైన్‌ను బిగువుగా పట్టి 20 పిచ్‌లు కొలిస్తే 254 మి.మీ. రావాలి. సుమారు 259 దాటితే మార్చాల్సిందే.

జారుతోందని మరీ బిగించేయకండి. ఆ భారం గేర్‌బాక్స్, చక్రం బేరింగుల మీద పడుతుంది.

కిట్ కొనేటప్పుడు..

చైన్, ముందు స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్ మూడూ కలిపి మార్చండి. బయటి కంపెనీ కిట్ తీసుకోవడం తప్పేం కాదు. కానీ చైన్ నంబరు, లింకుల సంఖ్య, రెండు స్ప్రాకెట్ల పళ్లు పాతవాటితో సరిపోవాలి. ముందు 14, వెనక 44 పళ్లుంటే నిష్పత్తి 3.14. వెనక 42 వేస్తే 3కి తగ్గుతుంది. అప్పుడు ఎత్తు ఎక్కేటప్పుడు లాగుడు తగ్గుతుంది. బిగించాక చక్రానికి రెండువైపులా గుర్తులు సమానంగా ఉన్నాయో లేదో చూడండి. లాక్ క్లిప్ మూసి ఉన్న కొన చైన్ నడిచే దిశకు ఉండాలి.

నేను అన్నీ కొలుచుకుని కిట్ మార్పించాను. ఆ సాయంత్రమే తమ్ముణ్ని వెనక కూర్చోబెట్టుకుని అదే ఫ్లైఓవర్ ఎక్కాను. చప్పుడు లేదు. కొన్నాళ్లు నడిపాక ఆట మళ్లీ కొలిచి సరిచేశాను.

ఇంటర్వ్యూలో ఇలా..

తర్వాతి ఇంటర్వ్యూలో 'మీరు సొంతంగా పరిష్కరించిన సమస్య చెప్పండి' అన్నారు. నేను ప్రాజెక్టు గురించి కాదు, ఈ చైన్ గురించే చెప్పాను. లక్షణం ఏమిటి, మొదట ఏం పొరబడ్డాను, ఏం కొలిచాను, ఏం మార్చాను, బాగైందని ఎలా రుజువు చేసుకున్నాను.. ఈ ఐదూ వరసగా. ప్యానెల్‌లో ఒకాయన కాగితం మీద స్ప్రాకెట్ పన్ను గీయమన్నారు. గీశాను. ఉద్యోగం వచ్చింది.

మీ ఇంట్లోనూ మోటారో, మిక్సీయో, బండో మొరాయిస్తూనే ఉంటుంది. ఈసారి బాగుచేయించి ఊరుకోకుండా ఎందుకు పాడైందో కనుక్కోండి. కొలతలు ఓ నోట్‌బుక్‌లో రాసుకోండి. రెజ్యూమెలో 'ప్రాబ్లమ్ సాల్వింగ్' అని అందరూ రాస్తారు. ఆ మాటకు సాక్ష్యం మీ నోట్‌బుక్‌లో ఉండాలి.