తోటపనితో చికిత్స: పంచాయతీ అడుగవలసిన ప్రశ్నలు

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల రైతులకు తోటపని యనగా నేమో ఒకరు నేర్పనక్కరలేదు. బోరులో నీరున్నంత కాలము మల్బరీ పెంచి పట్టుగూళ్లు సంతకు చేర్చినవారును, నీరు తగ్గిన యేట ఆ తోటయే యెండిపోవుట చూచినవారును వారే. అట్టి గ్రామమునకు ఒకరు వచ్చి, "మతి చెదరినవారికి, ఎదుగుదల కొరవడిన బిడ్డలకు తోటపని చేయించి నయము చేయుదుము. రెండెకరముల స్థలమును, నీటి వసతిని కల్పించి తీర్మానము చేయుడు" అని కోరినచో, పంచాయతీ సభ్యులు వారిని ఏమి యడుగవలెను? ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఆ సంగతియే.

ముందుగా ఒక మాట. ఈ చికిత్స బూటకము కాదు. విత్తు నాటుట, నీరు పోయుట, కలుపు తీయుట అను పనులలో ఒక క్రమము కలదు. ఉదయము లేచుటకు ఒక కారణము, నలుగురితో కలిసి మెలగుటకు ఒక అవకాశము దొరకును. పక్షవాతము వచ్చి చేయి స్వాధీనము తప్పినవానికి కుండీలో మట్టి నింపుటయే వ్యాయామమగును. హిందూపురమునుండి రైలెక్కి పోదగిన దూరముననే, బెంగుళూరులో, నిమ్హాన్సు అని అందరు పిలుచు జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ కలదు. మన ప్రాంతపు కుటుంబములు చాలవరకు ఎరిగిన ఆసుపత్రియే అది. అచ్చటి పునరావాస విభాగమున వడ్రంగము, నేత, రొట్టెల తయారీలతో పాటు తోటపనియు నేర్పుదురు. అయితే అచ్చట తోట ఒంటరిగా లేదు. వైద్యుడు, మందులు, మనస్తత్వ నిపుణుడు, సామాజిక కార్యకర్త పక్కనుండగా తోట ఒక భాగము మాత్రమే. ఈ భేదమును మరువరాదు.

తోటపనితో చికిత్స చేయుటను ప్రత్యేక వృత్తిగా తీర్చిన దేశములు కలవు. అమెరికాలో 1973లో ఇందుకై ఒక సంఘము ఏర్పడెను. మొక్కల శాస్త్రమును, మానవ శరీర మనస్తత్వ శాస్త్రములను చదివి, అనుభవజ్ఞుని పర్యవేక్షణలో 480 గంటలు పనిచేసినవారికి ఆ సంఘము రిజిస్ట్రేషను ఇచ్చును. వారు పాటింపవలసిన నీతి నియమావళియు ఏర్పరచినది. అదియు సంఘమిచ్చు గుర్తింపే గాని ప్రభుత్వపు లైసెన్సు కాదు.

మన దేశములో సంగతి ఏమి? ఆరోగ్య అనుబంధ వృత్తులకై పార్లమెంటు 2021లో ఒక చట్టము చేసినది. దాని పట్టికలో ఆక్యుపేషనల్ థెరపిస్టు కలడు. చిత్రకళ, నృత్యముల మూలమున చికిత్స చేయువారును చేరిరి. తోటపని చికిత్సకుని పేరు మాత్రము లేదు. కనుక ఎవరైనను "నేను ప్రభుత్వ రిజిస్ట్రేషను గల తోటపని చికిత్సకుడను" అనినచో ఆ మాట అచ్చటనే ఆపి ప్రశ్నింపవలసినది. అతడు వేరొక వృత్తిలో రిజిస్టరైనవాడు కావచ్చును. అట్లయిన ఆ వృత్తి పేరును, సంఖ్యను చెప్పవలెను. చెప్పలేనివాడు తోటమాలి కావచ్చును గాని చికిత్సకుడు కాడు. తోటమాలి యగుట తక్కువతనము కాదు సుమా! మంచి తోటమాలి లేనిదే ఈ చికిత్సయే సాగదు. పేరు మార్చి చెప్పుటలోనే దోషమున్నది.

వైకల్యము గలవారి పునరావాసమునకు సంబంధించి 1992 నాటి భారత పునరావాస మండలి చట్టము మరింత కఠినమైనది. క్లినికల్ సైకాలజిస్టు, ప్రత్యేక ఉపాధ్యాయుడు మొదలగువారు మండలి రిజిస్టరులో చేరియుండవలెను. చేరనివారు ఆ వృత్తి సాగించినచో ఒక సంవత్సరము వరకు జైలు గాని, వేయి రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. స్థానిక సంస్థలు నడుపు చోట్ల అట్టివారిని ఆ పదవులలో నియమింపరాదని గూడ చట్టము చెప్పుచున్నది. ఇది పంచాయతీకి నేరుగా తగులు మాట.

వ్యక్తి సంగతి యట్లుండగా, స్థలము సంగతి వేరు. మానసిక రోగులను చేర్చుకొని అచ్చటనే ఉంచుకొను నిలయమైనచో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము క్రింద రిజిస్టరు కావలెను. "మాది ఆసుపత్రి కాదు, ఆశ్రమము, తోట మాత్రమే" అనుట చెల్లదు. రిజిస్ట్రేషను లేక నడిపినచో మొదటిసారి 5,000 నుండి 50,000 రూపాయల వరకు జరిమానా పడును. వైకల్యము గలవారి సంస్థలకు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము క్రింద వేరు రిజిస్ట్రేషను కలదు.

ఇంత పట్టుదల ఎందుకని కొందరు సభ్యులకు తోచవచ్చును. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని రామనాథపురము జిల్లా ఏర్వాడిలో ఒక మానసిక రోగుల నిలయమునకు నిప్పంటుకొన్నది. పాకలో గొలుసులతో కట్టివేయబడిన రోగులు పారిపోలేకపోయిరి. 28 మంది చనిపోయిరి. నేడు రోగిని ఏ విధముగానైనను గొలుసుతో కట్టుటను 2017 చట్టము నిషేధించినది. తోట చుట్టును కంచె యుండుట సహజమే. రోగి కాలికి గొలుసుండుట నేరము.

గొలుసు కంటికి కనబడును. కనబడనిది వెట్టి. రోగులచే పది ఎకరములు దున్నించి, టమాటలు సంతకమ్మి, ఆ సొమ్ము నిర్వాహకుడు తీసికొన్నచో దానిని చికిత్స యనవచ్చునా? రోగిని పనికి బలవంతపెట్టరాదనియు, అతడు చేసిన పనికి తగిన ప్రతిఫలమీయవలెననియు అదే చట్టము రోగికి హక్కు నిచ్చినది. కావున సభ్యులు నిర్వాహకుని తప్పక అడుగవలసిన ప్రశ్న: "పండినది ఎవరిది? అమ్మిన సొమ్ము లెక్క ఎక్కడ?" పని వద్దనిన రోగికి అన్నము మానిపించు చోట ఎంత పచ్చని తోటయున్నను దానిని నమ్మరాదు. మందులు మాన్పించి మట్టి చాలుననువారిని అసలే నమ్మరాదు. రోగుల ఛాయాచిత్రములను వారి సమ్మతి లేక పత్రికల కిచ్చుటయు నిషిద్ధము. ప్రారంభోత్సవ దినమున ఈ తప్పు జరుగుట సులభము, వేదికపై నుండువారు మనమే గనుక.

తోటలోని అపాయములు మన రైతులకు తెలిసినవే. అయినను రోగి విషయమున కొన్ని అధికముగా చూడవలెను. లిథియము అను మందు తీసికొనువానికి చెమటచే ఒంటిలో నీరు తగ్గినచో ఆ మందే విషమగు ప్రమాదము కలదు. క్లోర్‌ప్రొమజీను వంటి మందులు వాడువారి చర్మము ఎండకు త్వరగా కమలును. ధర్మవరపు వేసవిలో పదిగంటల తరువాత ఆరుబయట పని పెట్టుట తగదు. నీడయు, త్రాగునీరును ముందు చూపి, పిదప పారలు చూపవలెను. గన్నేరు, ఉమ్మెత్త విషములు. బిడ్డలు, మతి స్థిమితము లేనివారు తిరుగు తోటలో వానికి చోటీయరాదు. పురుగుమందుల డబ్బాలు తోట ఆవరణలోనే ఉండరాదని మా అభిప్రాయము. తాళము వేసిన గదియున్నదను సమాధానముతో తృప్తిపడవద్దు.

తీర్మానము చేయుటకు ముందు రిజిస్ట్రేషను పత్రముల నకళ్లు, చికిత్సకుని సంఖ్య, పర్యవేక్షించు వైద్యుని పేరు దాఖలు చేయించుకొనుడు. పునరావాస మండలి సంఖ్యను ఆ మండలి వెబ్‌సైటులో సరిచూడవచ్చును. తోట నడుచుచుండగా రోగిని హింసించుచున్నట్లు లేదా అశ్రద్ధ చేయుచున్నట్లు నమ్ముటకు కారణమున్నచో, ఎవరైనను పోలీసు స్టేషను అధికారికి తెలుపవలెనని చట్టమే చెప్పుచున్నది. ఆ అధికారి మేజిస్ట్రేటుకు నివేదింపవలెను. రోగి కుటుంబము తోవ తెలియక మీ యొద్దకు వచ్చినచో, 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సేవ 14416 సంఖ్యపై ఉచితముగా లభించును. పంచాయతీ కార్యాలయపు గోడపై ఆ సంఖ్యను వ్రాయించుటకు ఏ తీర్మానమును అక్కరలేదు.