తాళంచెవి ముందు, ముహూర్తం తరువాత

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. సింగపూరులో మనం ఇల్లు కట్టము, కొంటాము. అయినా చూడవలసినవన్నీ ఆ కొనడంలోనే కనబడతాయి. బ్యాంకు సరేనన్నాక, లాయరు దగ్గర సంతకాలు అయ్యాక కూడా తాళంచెవి కోసం ఎదురుచూస్తున్న కుటుంబాలు మనలో ఎప్పుడూ కొన్ని ఉంటాయి. ఆ ఆలస్యం ఎక్కడ పుడుతుందో, దానికి ముందుగా ఏం చేసుకోవాలో సభ్యుల ఉపయోగార్థం వ్రాస్తున్నాము.

తాళాల ఆలస్యం అనగానే అందరికీ గుర్తుకొచ్చేది కోవిడ్ కాలం. 2020 ఏప్రిల్ 7 నుంచి జూన్ 1 వరకు ఊరంతా మూతపడింది, కట్టడాలూ ఆగాయి. ఇళ్ళు కట్టే కార్మికులు నెలల తరబడి డార్మిటరీలు దాటి రాలేకపోయారు. వారిలో మన తెలుగువారూ ఉన్నారు. 2021 ఆగస్టులో ఐదు చోట్ల హౌసింగ్ బోర్డు ఇళ్ళు కడుతున్న కంట్రాక్టర్లు చేతులెత్తేయడంతో మూడు వేలకు చేరువగా ఇళ్ళ పని నిలిచిపోయింది. మహమ్మారి వల్ల వెనుకబడిన 92 ప్రాజెక్టులూ పూర్తి కావడానికి 2025 జనవరి దాకా పట్టింది. అవి 75 వేలకు పైగా ఇళ్ళు.

అయితే హౌసింగ్ బోర్డు నుంచి నేరుగా కొత్త ఇల్లు కొనాలంటే కుటుంబంలో ఒకరైనా పౌరులై ఉండాలి. భార్యాభర్తలిద్దరూ పి.ఆర్.లే అయితే, ఇద్దరికీ పి.ఆర్. వచ్చి మూడేళ్ళు నిండాక, ఒకరు ఉంటున్న ఇంటినే రీసేలులో కొనుక్కోవాలి. మనలో చాలామందిది ఈ దారే. ఇక్కడ ఆలస్యం కంట్రాక్టరు వల్ల రాదు. అమ్మే కుటుంబం వల్ల వస్తుంది.

లెక్క చూడండి. అమ్మేవారు ఆప్షన్ ఇచ్చాక మనం తేల్చుకోవడానికి 21 రోజుల గడువు. ఆ తరువాత ఉభయులూ దరఖాస్తు పెట్టాలి. కాగితాలన్నీ సరిగా ఉంటే హౌసింగ్ బోర్డు దాన్ని స్వీకరించినట్లు చెప్పడానికి 28 పనిదినాల వరకు పడుతుంది. అక్కడినుంచి ఇల్లు చేతులు మారడానికి సుమారు 8 వారాలు. అంతా సవ్యంగా నడిచినా దాదాపు నాలుగు నెలలు.

అసలు మెలిక ఆ తరువాత ఉంది. ఇల్లు మన పేరిట మారాక కూడా అమ్మినవారు గరిష్ఠంగా మూడు నెలలు అందులోనే ఉండడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. అందుకు కొనేవారు అంగీకరించాలి. అమ్మేవారు సింగపూరులోనే, కట్టడం పూర్తయిన మరో ఇంటిని అప్పటికే కొనుగోలుకు ఖాయం చేసుకుని ఉండాలి. అమ్మకాలు జోరుగా ఉన్న రోజుల్లో దీనికి ఒప్పుకోకపోతే ఇల్లు ఇంకొకరికి పోతుందన్న భయంతో చాలామంది తల ఊపేస్తారు. అప్పుడు నాలుగు నెలలు కాస్తా ఏడవుతాయి. ఇల్లు మనది, బ్యాంకు వాయిదా మనది, కాపురం మాత్రం వారిది. ఇవతల మన అద్దె మనం కడుతూనే ఉండాలి.

దీనికి తోడు మన పంచాంగం. జ్యేష్ఠం చివర ఇల్లు మన పేరిట మారిందనుకోండి. మూడు నెలల గడువులో ఆషాఢం, శ్రావణం, భాద్రపదం వెళ్ళిపోతాయి. గృహప్రవేశానికి పనికిరావనే రెండు మాసాల మధ్య ఉన్న ఒక్క మంచి మాసమూ చేజారుతుంది. ఈలోగా అమ్మానాన్నలకు టిక్కెట్లు తీసి ఉంటాము. నెల గడువు మీద వచ్చిన పెద్దవాళ్ళు కొడుకు కొత్త ఇంటిని కింద నిలబడి చూసి తిరుగు విమానం ఎక్కడం కంటే బాధ ఏముంది?

ఇలాంటప్పుడు అమ్మినవారి మీద కోపం రావడం సహజమే. కాని వారి తాళంచెవి కూడా మరొకరి చేతిలో ఉంటుంది. వారు కొన్న ఇంటివారు ఇంకా కదలలేదు, ఆ ఇంటివారు వేరొకరి కోసం చూస్తున్నారు. గొలుసులో ఒక లంకె బిగిస్తే అందరూ ఆగుతారు. కోపంతో గొలుసు కదలదు. ముందుమాటలతోనే కదులుతుంది.

కాబట్టి ఆప్షన్ తీసుకోకముందే "మీరు ఎక్కడికి వెళ్తున్నారు, ఎప్పుడు వెళ్తారు?" అని అడగండి. గడువు ఇవ్వదలిస్తే ఎన్ని వారాలో, కరెంటు, నీళ్ళ బిల్లులు ఎవరివో, ఇంట్లో ఏదైనా పాడైతే ఎవరు బాగుచేయించాలో కాగితం మీద పెట్టించండి. ఆ గడువు సంగతి దరఖాస్తుతో పాటే హౌసింగ్ బోర్డుకు తెలియాలి. ఇప్పుడున్న అద్దె ఇంటి ఒప్పందం కొత్త ఇల్లు మన పేరిట మారిన రోజుతోనే ముగిసేలా పెట్టుకోకండి. ఒకటి రెండు నెలలు పొడిగించుకునే వీలు ముందే అడిగి ఉంచుకోండి. కరెంటు, నీళ్ళు, గ్యాసు ఖాతాలు ముందుగా తెరవండి. తాళం తీసి లోపలికి వెళ్ళాక పొయ్యి వెలగకపోతే పాలు పొంగించేదెలా?

ఇక పురోహితుడికీ ట్రావెల్ ఏజెంటుకూ ఫోను చేయడం తాళంచెవి చేతికి వచ్చాకే. మంచిరోజులు మళ్ళీ వస్తాయి. మార్చిన టిక్కెట్ల డబ్బు రాదు.

చివరిగా ఒక్క మాట. ఈరోజు కొనేవాళ్ళము రేపు అమ్మేవాళ్ళము అవుతాము. పిల్లలు ఎదిగి పెద్ద ఇంటికి మారేటప్పుడు ఆ మూడు నెలలూ అడగవలసింది మనమే కావచ్చు. అప్పుడు ఆ సంగతి బయానా పుచ్చుకున్నాక కాదు, ఇల్లు చూడటానికి వచ్చిన రోజే చెబుదాం. అవతలి ఇంట్లోనూ ఒక అమ్మ, ఒక నాన్న ప్రయాణానికి పెట్టె సర్దుకుంటూ ఉండవచ్చు.