కట్టర్ తిప్పితే కలంకారీ!

అట్ట మీద మామిడిపిందె గీయడం తేలికే. కత్తెరతో చుట్టూ కత్తిరించడమూ కష్టం కాదు. కానీ పిందె లోపల పువ్వు, ఆ పువ్వులో చుక్క... అక్కడికి కత్తెర వెళ్లదు. అందుకే షేప్ కట్టర్! సెలవుల్లో పిల్లలకు కాలక్షేపానికి కాలక్షేపం, పైగా మన పెడన అద్దకం కిటుకూ తెలిసిపోతుంది.

గీతతో పాటే తిరుగుతుంది

పెన్నులా పట్టుకునే ఈ కట్టర్ కొసన చిన్న బ్లేడు ఉంటుంది. గీత వంపు తిరిగితే బ్లేడూ తిరుగుతుంది. అది కాగితం మందం కంటే పిసరంత ఎక్కువ బయటికి ఉంటే చాలు. గట్టిగా నొక్కితే కాగితం చిరుగుతుంది. ఒకేసారి తెగకపోతే అదే గీత మీద రెండోసారి తేలిగ్గా పోనివ్వండి. వంపుల దగ్గర చేతిని మెలితిప్పకుండా కాగితాన్నే తిప్పండి. లోపలి చిన్న ఆకారాలు ముందు, బయటి అంచు చివర కోయాలి. కింద కటింగ్ మ్యాట్ లేకపోతే మందపాటి అట్ట వేసుకోవచ్చు. అంచులు పీచులుగా వస్తుంటే బ్లేడు మొద్దుబారినట్టే. పాతదాన్ని టేపు చుట్టి పారేయండి. చిన్నపిల్లలైతే గీయడం వాళ్లది, కోయడం పెద్దలది!

ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు

గుడివాడ నుంచి బందరు రైలెక్కితే, బందరు కంటే ముందే పెడన వస్తుంది. శ్రీకాళహస్తిలో బొమ్మను కలంతో గీస్తే, ఇక్కడ టేకు అచ్చులతో అద్దుతారు. బొమ్మను చెక్క మీదికి ఎక్కించి ఉలితో చెక్కుతారు. మన కాగితంలో కోసేసిన చోట రంగు పడుతుంది. అచ్చులో చెక్కగా మిగిలిన గట్టే రంగునిస్తుంది. నల్ల గీతకు ఒక అచ్చు, ఎరుపుకు మరొకటి. తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో ఊరబెడితే నలుపు తయారవుతుంది. పటిక అద్ది, తర్వాత రంగులో ఉడికిస్తేనే ఎరుపు తేలుతుంది. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు బందరులో వ్యాపారానికి దిగారంటే, ఈ తీరంలోని గుడ్డలూ ఒక కారణమే.

ఇంట్లో ఇలా...

ఒకే కొలతలో రెండు ఫైలు అట్టలు తీసుకుని, రెండింటికీ ఒకేచోట మూలల్లో రంధ్రాలు పెట్టండి. ఒకదాంట్లో నల్ల గీతలు, రెండోదాంట్లో ఎర్రరంగు పడే భాగాలు కోయండి. గీతను చుట్టూ పూర్తిగా కోసేస్తే మధ్య ముక్క ఊడిపోతుంది. అందుకే అక్కడక్కడా సన్నని వంతెనలు వదలాలి. రంధ్రాల గుర్తులు కలిపి, దాదాపు ఆరిన స్పాంజితో రంగు అద్దండి. ఎరుపు కాస్త పక్కకు జరిగిందా? ఫర్వాలేదు, చేతిపని అంటే అదే!

ఆ జరుగుబాటును గుర్తుపట్టడం ముఖ్యం. కలంకారీ డిజైన్లతో స్క్రీన్ ప్రింట్లు చవగ్గా దొరుకుతున్నాయి. తేడా తెలియక మనం బేరమాడితే, నష్టపోయేది అచ్చు చెక్కేవారు, అద్దేవారు. ఈసారి కలంకారీ చీర కొనేటప్పుడు అంచును పిల్లల చేతికివ్వండి. ఒక అచ్చు ఎక్కడ ఆగిందో, రెండోది ఎక్కడ మొదలైందో వాళ్లే వెతికి చూపిస్తారు.