గుండె దడకు పేరు పెట్టేదెవరు?

బోరబండలో సైట్-3 వైపు ఎత్తుగా ఉన్న ఓ గల్లీ ఎక్కి, ఇల్లు చేరి, చెప్పులు విడిచి కూర్చున్న కాసేపటికి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది అనుకుందాం. మేనేజరు రోజూ అనే మాటే అన్నాడు. ఇవాళ మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆ కోపంలో మేనేజరు వాటా ఎంత, గల్లీ వాటా ఎంత?

సైకాలజీ పీజీలో భావోద్వేగాల పేపరు ఇలాంటి ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. భయం, కోపం, సంతోషం అంటూ నిర్వచనాలు బట్టీ పట్టడం డిగ్రీతో సరి. ఆ తర్వాత మొదలయ్యేది తగువు: ముందు కదిలేది ఒళ్లా, మనసా? ఈ తగువును గైడ్లలో కాకుండా అసలు వ్యాసాల్లో చదివితేనే రుచి. బోరబండలో ఫలక్‌నుమా ఎంఎంటీఎస్ ఎక్కిన ఉస్మానియా విద్యార్థి ఆర్ట్స్ కాలేజీ స్టేషన్‌లో దిగేలోపు, విలియం జేమ్స్ 1884లో ‘మైండ్’ పత్రికలో రాసిన వ్యాసం చాలావరకు చదివేయొచ్చు.

ఎలుగుబంటిని చూస్తాం, భయపడతాం, అందుకే పరుగెత్తుతాం. లోకం అనుకునే వరస ఇది. జేమ్స్ దీన్ని తిరగేశాడు. ఎలుగు కనిపించగానే ఒంట్లో మార్పులొస్తాయి, అవి మనకు తెలియడమే భయం అన్నాడు. మరుసటి ఏడాది డెన్మార్క్‌లో కార్ల్ లాంగే కూడా దాదాపు ఇదే చెప్పాడు. 1927లో వాల్టర్ కానన్ వచ్చి గట్టి అడ్డుపుల్ల వేశాడు. గుండె దడ భయంలోనూ వస్తుంది, కోపంలోనూ వస్తుంది, జ్వరంలోనూ వస్తుంది. మరి ఒక్క దడనే పట్టుకుని ఇది ఫలానా భావమని మనసు ఎలా తేలుస్తుంది?

ఈ చిక్కుముడికి స్టాన్లీ షాక్టర్, జెరోమ్ సింగర్ 1962లో ఇచ్చిన జవాబు ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంటుంది. దడ ఎందుకొచ్చిందో తెలియనప్పుడు మనసు చుట్టూ చూసి కారణం వెతుక్కుంటుంది, దొరికిన కారణాన్ని బట్టి పేరు పెడుతుంది అన్నారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 184 మంది కుర్రాళ్లను పిలిచి, చూపు మీద ‘సుప్రాక్సిన్’ అనే విటమిన్ ప్రభావం పరీక్షిస్తున్నామని నమ్మబలికారు. కొందరికి సూదిలో ఎక్కించింది అడ్రినలిన్, మిగతావాళ్లకు ఉప్పునీరు. అడ్రినలిన్ పడ్డవాళ్లలో ఒక జట్టుకు చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది అని ముందే చెప్పారు, ఇంకో జట్టుకు ఏమీ కాదన్నారు. తర్వాత గదిలోకి ప్రయోగకర్తల మనిషి ఒకడు వచ్చాడు. ఒక ఏర్పాటులో వాడు కాగితం ఉండలు విసురుతూ, హులాహూప్ తిప్పుతూ గెంతులేశాడు. ఇంకో ఏర్పాటులో ఇద్దరి చేతా ఒక ప్రశ్నావళి నింపించారు. పోనుపోను ప్రశ్నలు ఎంత నీచంగా దిగజారాయంటే, మీ నాన్నతో కాక మీ అమ్మకు ఎంతమందితో సంబంధాలున్నాయని అడిగి, అన్నిటికన్నా తక్కువ జవాబుగా ‘నలుగురు, అంతకులోపు’ అని పెట్టారు. ప్రయోగకర్తల మనిషి దాన్ని చింపి పారేసి బయటికి నడిచాడు. ఈనాటి నైతిక కమిటీ ముందుకు ఇలాంటి ప్రతిపాదన తీసుకెళ్లే ధైర్యం ఎవరికీ ఉండదు.

పుస్తకాల్లో కథ ఇక్కడ సుఖాంతం. అసలు వ్యాసం పట్టికలు చూస్తే అంత సుఖంగా లేదు. సంతోషపు గదిలో, ఏమీ తెలియని అడ్రినలిన్ జట్టుకూ ఉప్పునీటి జట్టుకూ నిలబడే తేడా రాలేదు. కోపపు గదిలో కూర్చున్నవాళ్లు తమ మూడ్‌కు సంతోషం వైపే మార్కులు వేసుకున్నారు. ప్రయోగానికి వస్తే ఫైనల్ పరీక్షలో అదనపు మార్కులు వస్తాయి కాబట్టి కోపం ఒప్పుకోవడానికి జంకారని రచయితల సంజాయిషీ. 1979లో మార్షల్, జింబార్డో మళ్లీ చేసి చూస్తే, కారణం తెలియని దడ పక్కవాణ్ని బట్టి రంగు మార్చుకోలేదు. ఎక్కువగా చిరాకు వైపే మొగ్గింది.

నా దృష్టిలో షాక్టర్, సింగర్‌ల ఆలోచనకు ప్రాణం పోసినవాడు డోల్ఫ్ జిల్‌మన్. 1975లో కాంటర్, బ్రయంట్‌లతో కలిసి మనుషుల చేత సైకిల్ తొక్కించి, తర్వాత శృంగార సినిమా ముక్కలు చూపించాడు. తొక్కి దిగగానే చూపిస్తే ప్రభావం లేదు. ఈ ఆయాసం సైకిల్‌దేనని చూసేవాడికి తెలుసు. ఒళ్లు పూర్తిగా చల్లారాక చూపించినా లేదు, మిగిలిందేమీ లేదు కనుక. మధ్యలో ఒక దశ ఉంది: సేద తీరామని మనమనుకుంటాం, ఒంట్లో మాత్రం వేగం ఇంకా తగ్గలేదు. అప్పుడు చూసినవాళ్లే సినిమా ఎక్కువ ఉద్రేకం కలిగించిందన్నారు. గల్లీ ఎక్కొచ్చిన మనిషికి ఫోన్ ప్రమాదం గుమ్మం దగ్గర కాదు, కుర్చీలో కూర్చున్నాకే.

ఇక్కడ మనవాళ్ల పుస్తకం ఒకటి తెరవాలి. రాచకొండ అంటే ఒకప్పుడు ఆ పేరుతో ఉన్న పోలీస్ కమిషనరేట్ గుర్తొస్తుంది కానీ, పద్నాలుగో శతాబ్దంలో అక్కడ ఏలిన రేచర్ల సర్వజ్ఞ సింగభూపాలుడు సంస్కృతంలో ‘రసార్ణవసుధాకరం’ రాశాడు. ‘నాట్యశాస్త్రం’ రాసిన భరతుడి దారిలోనే స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అని ఎనిమిది సాత్త్విక భావాలు చెప్పాడు. దాదాపు అన్నీ ఒంటి మీద కనబడేవే. ‘నాట్యశాస్త్రం’ చెమటకు చెప్పిన కారణాల్లో కోపం, భయం, సంతోషం, సిగ్గు, దుఃఖంతో పాటు శ్రమ, జబ్బు, ఎండ వేడి, వ్యాయామం కూడా ఉన్నాయి. కన్నీటికి శోకంతో పాటు పొగ, కాటుక. కానన్ అభ్యంతరం సరిగ్గా ఈ జాబితాలోనే ఉంది. అంతమాత్రాన అంతా మనమే ముందు కనిపెట్టామని మురిసిపోనక్కర్లేదు. భరతుడి లెక్క నటుడి కోసం. రసం అనుభవించేది ఎదురుగా కూర్చున్న ప్రేక్షకుడు. ఒకే గుర్తుకు పది కారణాలున్నప్పుడు ఏది ఏదో ప్రేక్షకుడికి తెలిపేది రంగస్థలం మీది విభావం, అంటే ఆ భావానికి కారణంగా చూపే సందర్భం. బతుకులో ఆ పని ఎవరు చేస్తారన్నది శాస్త్రం ప్రశ్న.

అమీర్‌పేటలో కోర్సు ముగించి ఇంటర్వ్యూకి బయల్దేరేవాళ్లకు ఇందులో పనికొచ్చే ముక్క ఒకటుంది. 2014లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అచ్చువేసిన ప్రయోగాల్లో, ప్రసంగించేముందు ‘నాకు ఉత్సాహంగా ఉంది’ అని పైకి అనుకున్నవాళ్లు, ‘నేను ప్రశాంతంగా ఉన్నాను’ అనుకున్నవాళ్లకన్నా బాగా మాట్లాడారు. గుండె వేగం తగ్గలేదు. మారింది దానికి పెట్టిన పేరే.

తగువు ఇంకా తెగలేదు. సిల్వియా క్రైబిగ్ 2010లో 134 ప్రచురణలు పరిశీలించి, వేర్వేరు భావాలకు ఒంట్లో వేర్వేరు ధోరణులు కనిపిస్తున్నాయంది. 2018లో ఎరికా సీగల్, లీసా ఫెల్డ్‌మన్ బారెట్ తదితరులు 202 అధ్యయనాలను కలిపి లెక్కగట్టి, ఏ భావానికీ నిలకడైన వేలిముద్ర లేదన్నారు. పీజీ విద్యార్థి రెండూ చదివి, ఏ అధ్యయనాలను చేర్చారో, దేన్ని సగటు కట్టారో చూడాలి. అలా చదివినవాడు ‘స్ట్రెస్’ అని అంకె చూపించే చేతి గడియారం కొనడానికి వెళ్తే, నాడిని చూసి మనసు చెప్పే ఆ లెక్కను ఎవరి మీద, ఏ పరిస్థితుల్లో సరిచూశారని అడుగుతాడు. పెట్టె తిప్పి చూస్తే, నీళ్లలో ఎంత లోతు తట్టుకుంటుందో మాత్రం రాసి ఉంటుంది.