ఉప్పు మడిలో నీటి పొదుపు

మిట్టమధ్యాహ్నం. వేరుశనగ చేలో కలుపు తీస్తున్న కూలీల ఒళ్లు చెమటతో తడిసి ముద్దవుతుంది. తెచ్చుకున్న నీళ్లు ఎప్పుడో అయిపోయాయి. సాయంత్రానికి మూత్రం కొద్దిగానే, ముదురు పసుపు రంగులో వస్తుంది.

పడమటి కనుమల వానచాటున ఉన్న అనంతపురం సీమలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లే. ఇక్కడ నీటిని పొదుపు చేయడం అందరికీ తెలుసు. మన ఒంట్లో ఆ పని చేసేది మూత్రపిండాలు. రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. బయటికి పంపేది లీటరు, లీటరున్నర! వడకట్టిన నీటిలో ఎక్కువ భాగం మొదట్లోనే రక్తంలోకి తిరిగి చేరుతుంది. మిగిలినదాన్ని పిండుకునే పని కిడ్నీ లోపలి పొరది. అక్కడ పేరుకున్న ఉప్పు, యూరియాలే నీటిని లాగుతాయి. అవసరమైతే మూత్రం రక్తంకన్నా నాలుగు రెట్లు చిక్కబడుతుంది.

ఆ ఉప్పు సరిగ్గా ఎక్కడుంది? కణాల లోపలా, బయటా? ముక్క కోసి చూద్దామంటే ఆలోపే అయాన్లు చెదిరిపోతాయి. అందుకే శాస్త్రవేత్తలు కణజాలాన్ని క్షణంలో గడ్డకట్టించి, పలుచటి పొరలుగా కోసి, ఆ చలిలోనే ఆరబెట్టారు. దానిమీద ఎలక్ట్రాన్ల పుంజాన్ని గురిపెడితే సోడియం, పొటాషియం, క్లోరిన్... ఒక్కో మూలకం తనదైన ఎక్స్-కిరణాన్ని వెదజల్లుతుంది. దాన్నిబట్టి ఎక్కడ ఏది ఎంతుందో లెక్కకడతారు. ఈ పద్ధతికి 1951లో పారిస్‌లో రేమండ్ కాస్టాయింగ్ సిద్ధాంత వ్యాసం పునాది వేసింది.

ఊరగాయ ముక్కలా ముడుచుకోదేం?

ఉప్పులో వేసిన మామిడి ముక్క ఊట వదిలి ముడుచుకుంటుంది. మరి అంత ఉప్పులో ఉన్న కిడ్నీ కణం? మ్యూనిక్‌లో బెక్, డోర్గే, థురావ్ బృందం 1980లలో ఎలుకల కిడ్నీలను ఇలాగే పరిశీలించింది. కణాల బయట సోడియం, క్లోరిన్ విపరీతంగా ఉన్నాయి. లోపల మాత్రం అంత లేవు! అంటే బయటి ఒత్తిడికి సరితూగేలా లోపల ఇంకేదో ఉండాలి. సార్బిటాల్, బీటైన్ లాంటి పదార్థాలను కణాలు దాచుకుంటాయని తర్వాత తేలింది.

ఇంత నేర్పున్నా కిడ్నీకీ ఓ హద్దుంది. మూత్రం ఎప్పుడూ చిక్కగా ఉంటే అందులోని లవణాలు స్ఫటికాలై రాళ్లు కట్టే ప్రమాదం ఎక్కువ. ఎండలో పదేపదే ఒళ్లు ఎండిపోవడం మూత్రపిండాలకే చేటు. అందుకే దాహమయ్యే దాకా ఆగొద్దు. చేనుకెళ్లేటప్పుడు సద్దిమూటతోపాటు నీళ్లూ సరిపడా తీసుకెళ్లండి. మధ్యమధ్య నీడపట్టున ఆగి తాగండి. ఇప్పటికే కిడ్నీ, గుండె జబ్బులున్నవారు ఎంత తాగాలో వైద్యుణ్ని అడగాలి.

లోపల కణాలు తమవంతు పొదుపు చేస్తూనే ఉంటాయి. పొదుపు చేయడానికి నీళ్లంటూ ఇవ్వాల్సింది మనమే!